అమ్మాయే అడిగింది, సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళమని

బెళ్లందూరు గోదావరి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, ఇక్కడే బెంగళూరులో సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి. దసరా సెలవుల నుంచి పిల్ల తీరు మారిపోయింది. ఏడేళ్ళ వయసు నుంచి ప్రాణంగా చూసుకున్న కూచిపూడి మానేసింది. ఎందుకని అడిగితే ఇష్టం లేదంది, అంతే. రాత్రి ఒంటిగంట దాటినా గదిలో దీపం ఆరదు. అన్నానికి పిలిస్తే తర్వాత తింటానంటుంది, ఆ తర్వాత రానే రాదు. చిన్న మాటకే విరుచుకుపడుతుంది. మార్కులు మాత్రం తగ్గలేదు, అందుకే మా వారు నా మాట నమ్మడం లేదు.

మొన్న తనే నా దగ్గరకు వచ్చి, "అమ్మా, నన్ను ఎవరైనా సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్తావా?" అని అడిగింది. తీసుకెళ్తానన్నాను. ఇక ఇంట్లో మొదలైంది. పేరు రికార్డుకు ఎక్కుతుంది, రేపు పైచదువుకో పెళ్ళికో అడ్డం వస్తుందని మా వారి భయం. అత్తగారేమో దిష్టి అంటున్నారు, మంత్రాలయం మొక్కుకున్నారు. విజయవాడ నుంచి బావగారు ఫోను చేసి, ఇంటర్‌కు అక్కడి హాస్టల్లో వేస్తే పదిమంది పిల్లల మధ్య అన్నీ సర్దుకుంటాయన్నారు.

బెంగళూరులో ఎవరి దగ్గరకు వెళ్ళాలి? సైకాలజిస్టా, సైకియాట్రిస్టా? ఆ రికార్డు భయం నిజమేనా? ఇంకొకటి. పిల్ల డాక్టరు గదిలో చెప్పుకునేది నాకు చెప్తారా, చెప్పరా? నిజం చెప్పాలంటే నన్ను తొలిచేస్తున్నది ఈ చివరి ప్రశ్నే.

రాయలచెరువు

అమ్మా, కోపం తెచ్చుకోకుండా వినండి. పదిహేనేళ్ళ వయసులో చిరాకు పడని పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారు? మార్కులు బాగున్నాయంటున్నారు. రాత్రి పదికల్లా ఫోను లాక్కుని పొద్దున్న ఐదింటికి లేపండి, నెలలో దారిన పడుతుంది. మేము ధర్మవరంలో నలుగురు పిల్లలం ఒకే గదిలో పెరిగాం, మాకు ఏ కౌన్సెలరూ లేడు. ఇక్కడ గంట మాట్లాడితే వేలల్లో తీసుకుంటున్నారు. పిల్లలు ఇంటర్నెట్లో నాలుగు మాటలు నేర్చుకుని మన మీద ప్రయోగిస్తున్నారని నా అనుమానం.

పలక బలపం

రాయలచెరువు గారూ, నేను ఈ ఊళ్ళోనే ఒక బడిలో కౌన్సెలర్‌ని. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమందిని టీచరు పంపుతారు, లేదా స్నేహితురాలు చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. తల్లి దగ్గరకు వెళ్ళి నోరు విడిచి అడిగే పిల్లలు చాలా తక్కువ. ఇంటర్నెట్లో నేర్చుకున్న మాటే అనుకుందాం. కడుపునొప్పి పేరు పుస్తకంలో చదివి తెలుసుకున్నంత మాత్రాన నొప్పి అబద్ధమవుతుందా?

గోదావరి గారూ, మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది కూచిపూడి. ఇష్టమైనది వదిలేయడం, నిద్ర చెడిపోవడం, తిండి తగ్గడం, మనుషులకు దూరం కావడం, ఇవి రెండు వారాలకు మించి సాగితే ఎవరైనా చూడాల్సిందే. డిప్రెషన్ అనగానే మనకు ఏడుస్తూ కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదులుతుంది. ఈ వయసులో అది దిగులుగా కాక చిరాకుగా బయటపడవచ్చు. డాక్టర్లు వాడే నిర్ధారణ సూత్రాల్లోనే పిల్లల విషయంలో ఆ మాట విడిగా రాసి ఉంటుంది. అందరి చిరాకూ జబ్బని అనడం లేదు. ఏది ఏమిటో తేల్చడానికే వెళ్ళడం.

మార్కుల మాట. కొందరు పిల్లలు మిగతావన్నీ వదిలేసి మార్కులను మాత్రం పట్టుకు వేలాడతారు, ఇంట్లో ఎవరూ ఏమీ అడగకుండా ఉండటానికి. చదువుల్లో ముందుండే పిల్లల సంగతి ఆలస్యంగా బయటపడేది ఇందువల్లనే.

ఇక ఐదింటికి లేపడం. యుక్తవయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర వచ్చే వేళ చిన్నప్పటికంటే ఆలస్యమవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణుల సిఫారసు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని ఆరున్నరకే బడి బస్సు ఎక్కే పిల్లలకు ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? ఐదింటికి లేపితే ఉన్నదీ పోతుంది.

రాయలచెరువు

బస్సు సంగతి ఒప్పుకుంటాను. ఫోను సంగతిలో నా మాట మారదు.

పలక బలపం

ఫోను రాత్రిపూట గదిలో ఉండకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను, అయితే లాక్కుంటే కాదు. ఇంటిల్లిపాది ఫోన్లూ రాత్రి హాల్లో ఒకచోట పెట్టండి, నాన్నగారి ఆఫీసు ఫోనుతో సహా. నాన్నది మినహాయించి పిల్లది మాత్రం పెట్టమంటే ఆ నియమం వారం కూడా నిలవదు.

రాత్రి డ్యూటీ

నేను సైకియాట్రీలో పనిచేస్తున్నాను. మాది గుంటూరు, ఉద్యోగం ఇక్కడ. అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదట మీ మామూలు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తారు. నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం వీటి వల్ల కూడా వస్తాయి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఇది అరుదైన సంగతి కాదు. రక్తం తక్కువని తేలినా మనసు సంగతి పక్కన పెట్టేయకండి, రెండూ కలిసి ఉండవచ్చు.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యం చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు, మందు రాయరు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ ఆ చదువు ఉండదు. మీ అమ్మాయి విషయంలో ఇద్దరిలో ఎవరితో మొదలుపెట్టినా ఫరవాలేదు. అవసరాన్ని బట్టి వాళ్ళే రెండోవారి దగ్గరకు పంపుతారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలో పిల్లలకు, కౌమార వయసువారికి ప్రత్యేక విభాగమే ఉంది. బీటీఎం లేఔట్‌లో వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. పెద్దాసుపత్రి వాతావరణం చూసి జంకేవాళ్ళకు అక్కడ కాస్త తేలిక. ఫోను చేసి వేళలు కనుక్కుని వెళ్ళండి.

రికార్డు భయం. దేశంలో మానసిక చికిత్స తీసుకున్నవారి పేర్లతో ఎవరైనా తీసి చూడగల జాబితా ఏదీ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. పెళ్ళివారు వచ్చి ఆసుపత్రిలో అడిగితే ఎవరూ చెప్పకూడదు. అదే చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంటుంది. కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి కాబట్టి మామూలు సంప్రదింపుల ఖర్చు మీరే భరించాల్సి రావచ్చు. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బుల గురించి అడిగితే నిజమే రాయాలి. థైరాయిడ్‌కైనా ఇదే నియమం కదా.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ రాత్రే పిల్ల పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు అదే చెప్తున్నాయి. "అలాంటి పిచ్చి ఆలోచనలు ఏమీ లేవు కదా?" అని మాత్రం అడగవద్దు, లేవనే చెప్తుంది.

తాతయ్య కబుర్లు

అమ్మాయ్, నేను మల్లేశ్వరంలో ఉండే ముసలివాణ్ణి. డాక్టరమ్మ చెప్పిన దానికి నేను చేర్చగలిగేది లేదు. మీ అత్తగారి గురించి మాత్రం ఒక మాట. ఆవిడతో వాదం పెట్టుకోకు. మంత్రాలయం వెళ్ళి రానీ, దిష్టి తీయనీ, వీలైతే పిల్లనూ తీసుకువెళ్ళనీ. తుంగభద్ర ఒడ్డున నాయనమ్మతో ఒక పూట కూర్చుంటే నష్టం లేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు మారకుండా చూసుకో, అంతే.

రెండోది. మన ఇళ్ళలో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అనడం అలవాటు. విశాఖ వైపువాళ్ళకు అక్కడి ఆసుపత్రి పేరుతో అలాంటి మాటే ఉంది. మా ఇంట్లో నేనే రోజుకు పదిసార్లు అనేవాణ్ణి. ఆ హాస్యం వింటూ పెరిగిన పిల్ల నోరు తెరిచి సైకాలజిస్టు కావాలని అడగడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉండాలో మీ ఆయనకు చెప్పు.

నిర్వాహకుడు

మందుల పేర్లు రాయవచ్చు, మోతాదులు రాయవద్దు. పిల్లల పేర్లు, బడి పేర్లు ఎవరూ అడగవద్దు.

బెళ్లందూరు గోదావరి

అందరికీ ధన్యవాదాలు. మా వారికి ఇవన్నీ చదివి వినిపించాను. రికార్డు భయం కొంత తగ్గింది. గది లోపలి మాటల సంగతి ఎవరూ చెప్పలేదు. తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని, నాకు చెప్పని మాట ముక్కూ మొహం తెలియనివారికి చెప్తుందంటే మనసు ఒప్పుకోవడం లేదండీ.

పందొమ్మిదో పేజీ

ఆంటీ, నేను ఇక్కడ డిగ్రీ రెండో ఏడాది. మీ అమ్మాయి వయసులో నన్నూ తీసుకెళ్ళారు కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. మొదటివారం బాగానే మాట్లాడాను. బయటకు వచ్చి కారెక్కగానే నాన్న, "ఏమన్నారు? నువ్వేం చెప్పావు? మా గురించి ఏమైనా అడిగారా?" అన్నారు. తిట్టలేదు, ప్రేమగానే అడిగారు. ఆ తర్వాతివారం నేను లోపల కూర్చుని, ఏది చెప్తే కారులో మళ్ళీ చెప్పగలనో అదే చెప్పాను. అంటే ఏమీ చెప్పలేదు. నాన్న కట్టిన ఫీజు దండగ.

తర్వాత సైకాలజిస్టే నాన్నను పిలిచి మాట్లాడారు. అప్పటి నుంచి ఆయన కారులో పాటలు పెట్టేవారు, దారిలో దోసె తినిపించేవారు. కొన్నాళ్ళకు నేనే కొంచెం కొంచెంగా చెప్పడం మొదలుపెట్టాను. అన్నీ కాదు. ఇప్పటికీ అన్నీ చెప్పలేదు, ఆంటీ. చెప్పను కూడా. నాన్నంటే ఇష్టం లేక కాదు, కొన్ని మాటలు విని ఆయన నిద్రపోలేరని నాకు తెలుసు. మీ అమ్మాయి కూడా మిమ్మల్ని కాపాడుతోందేమో.

పలక బలపం

ఈ అమ్మాయి చెప్పినదానికి నియమాల వైపు నుంచి కొంచెం కలుపుతాను. మీరు గార్డియన్ కాబట్టి నిర్ధారణ ఏమిటి, చికిత్స ఏమిటి, ఎంతకాలం అన్నవి మీకు చెప్తారు, మీ సమ్మతి లేకుండా మొదలుపెట్టరు. స్నేహితురాలితో గొడవ, మీ మీద కోపం, ఎవరో అబ్బాయి అంటే ఇష్టం, ఇలాంటివి మీ దాకా రావు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్తారు. పిల్ల మీద ఎవరైనా లైంగిక అఘాయిత్యం చేశారని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. మంచి సైకాలజిస్టు ఈ హద్దులన్నీ మొదటిరోజే మీ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్తారు. చెప్పకపోతే మీరే అడగండి, పిల్ల ముందే అడగండి. అప్పుడు ఎవరు ఏమి దాస్తున్నారన్న అనుమానం ఇద్దరికీ ఉండదు.

డైరీ, ఫోను తెరిచి చూడాలనిపిస్తుంది. పిల్ల నోరు మూసుకుపోయి, ప్రమాద సూచనలు కనిపిస్తుంటే చూడమనే అంటాను, అప్పుడు మర్యాదలు ఆలోచించే వ్యవధి ఉండదు. మీ ఇంట్లో పిల్ల నోరు తెరిచే ఉంది కదా.

మునగాకు

హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ నుంచి. మా అబ్బాయికి డాక్టరు ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. ఇంటికి వచ్చి ఇంటర్నెట్లో వెతికితే, 2004లో అమెరికా ఔషధ సంస్థ ఇలాంటి మందుల మీద నల్లగీతల గడిలో తీవ్రమైన హెచ్చరిక (బ్లాక్ బాక్స్) పెట్టించిందని, చిన్న వయసువారిలో కొందరికి చావు ఆలోచనలు పెరగవచ్చని ఉంది. గుండె ఆగినంత పనైంది. డాక్టరు నాకు ఓపికగా వివరించారు. ఆ హెచ్చరిక నిజమే, అందువల్లనే మొదటి వారాల్లో పిల్లవాణ్ణి దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి, త్వరత్వరగా చూపించాలి. అలాగని అవసరమైనప్పుడు మందు ఇవ్వకపోవడమూ ప్రమాదమే అన్నారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందని మనంతట మనం ఆపేయకూడదని ముందే చెప్పారు. మా అత్తవారు రెండో వారంలోనే "పనిచేయని మందు ఎందుకు" అన్నారు. మాత్రల డబ్బా నా బీరువాలో పెట్టుకుని రోజూ నేనే ఇచ్చాను.

వాడు అప్పుడు రెండో పీయూ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. 2024లో కర్ణాటకలో ఏడాదికి మూడు పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు కదా, మొదటిదాంట్లో లెక్కలు పోయినా రెండోదాంట్లో గట్టెక్కాడు. గోదావరి గారూ, సీబీఎస్‌ఈ పదో తరగతికి కూడా 2026 నుంచి రెండు పరీక్షలు. మొదటిది అందరూ రాయాలి, రెండోది కావాలనుకున్నవారు మూడు సబ్జెక్టుల వరకు మెరుగుపరుచుకోవడానికి రాయవచ్చు. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పండి. మా వాడికి మందు ఎంత పనిచేసిందో, ఇంకో అవకాశం ఉందన్న సంగతీ అంత పనిచేసిందని నా లెక్క.

పందొమ్మిదో పేజీ

మీ బావగారు చెప్పిన విజయవాడ హాస్టల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆంటీ, నా ఇంటర్ అటువైపు హాస్టల్లోనే. అందరికీ చెడు జరుగుతుందని అనను, నాకు అక్కడ మంచి స్నేహితులు దొరికారు. కానీ నిద్ర పట్టని పిల్లను ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు ఉండే చోట, వారానికోసారి ఫోను దొరికే చోట వదిలితే ఆమె కొత్తగా ఎవరిని అడగాలి? ఇక్కడ అడగడానికి మీరున్నారు.

రాత్రి డ్యూటీ

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీం కోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలని అందులో ఉంది. బావగారు మళ్ళీ ఫోను చేస్తే, ఆ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు, చదువేమిటి, ఒక్కరికి ఎంతమంది పిల్లలు అని కనుక్కోమనండి. సమాధానం వచ్చాక ఆలోచించవచ్చు. ఈ ఏడాది మాత్రం వద్దు.

బెళ్లందూరు గోదావరి

నిన్న రాత్రి అడిగాను. మీరు చెప్పిన మాటలతోనే అడిగాను. చచ్చిపోవాలని లేదంది. కానీ "పడుకుంటే మళ్ళీ లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అంది. చాలాసేపు నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మా వారు తలుపు దగ్గర నిలబడి విన్నారు. మాకు దొరికిన అపాయింట్‌మెంటు వచ్చే నెల మొదటివారంలో.

రాత్రి డ్యూటీ

అంతకాలం ఆగవద్దు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, అలాగని ఇల్లంతా గగ్గోలు పెట్టనూ కూడదు. ఈరోజే ఆ క్లినిక్‌కు ఫోను చేసి ఆమె అన్నది అన్నట్టుగా చెప్పండి, ముందుకు జరుపుతారు. కుదరదంటే ఇంకో ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి వెళ్ళండి. అత్తగారి నిద్రమాత్రలు, బీపీ మాత్రలు సహా ఇంట్లో ఉన్న మందులన్నీ తాళం వేసి పెట్టండి. రాత్రి మీరు ఆమె గదిలో పడుకోండి. ప్రాణం ఎలా తీసుకోవాలో కూడా ఆలోచిస్తున్నట్టు ఏ కాస్త అనిపించినా అపాయింట్‌మెంటు మాట మరిచిపోయి నేరుగా అత్యవసర విభాగానికి. నిమ్హాన్స్‌లో అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఈలోగా మీకు గానీ ఆమెకు గానీ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోను సేవ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, ఏ వేళైనా చేయవచ్చు, తెలుగు ఎంచుకోవచ్చు. ఆ నంబరు ఆమె ఫోనులోనూ వేయండి, ఎందుకో చెప్పి వేయండి.

బెళ్లందూరు గోదావరి

ఫోను చేశాను. ఆమె మాటలు చెప్పగానే రేపు ఉదయం పది గంటలకు రమ్మన్నారు, కోరమంగళలో. మా వారు సెలవు పెట్టారు. లోపలికి ముందు ఎవరు వెళ్ళాలి? ఏమైనా పట్టుకెళ్ళాలా?

పలక బలపం

ఎవరు ముందన్నది పిల్లనే అడగండి. నిద్ర ఎప్పటి నుంచి చెడింది, తిండి ఎంత తగ్గింది, డాన్సు ఎప్పుడు మానింది, ఇవి కాగితం మీద రాసుకోండి. అక్కడికి వెళ్ళాక గుర్తుకు రావు. పాత రక్తపరీక్షలు ఉంటే పట్టుకెళ్ళండి. నెలసరి వివరాలు కూడా అడుగుతారు.

రాత్రి డ్యూటీ

రెండు వైపుల కుటుంబాల్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండేదా అని తప్పక అడుగుతారు. ఈ రాత్రే మీ వారితో కూర్చుని గుర్తు చేసుకోండి.

బెళ్లందూరు గోదావరి

అడిగాను. మా వారికి ఒక మేనత్త ఉండేవారట, పెళ్ళయిన రెండేళ్ళకే పుట్టింటికి వచ్చేసి ఏళ్ళ తరబడి గది దాటలేదట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ ఇంట్లో ఆవిడ పేరు నేను వినలేదు. చెప్పింది మా అత్తగారే, అడగ్గానే చెప్పేశారు. రేపు తనూ వస్తానంటున్నారు.

రాత్రి డ్యూటీ

రమ్మనండి, బయట కూర్చుంటారు. మేనత్తగారికి ఎప్పుడైనా చికిత్స జరిగిందా, ఏ మందుకైనా గుణం కనిపించిందా అన్నది అత్తగారికి తెలిస్తే అది డాక్టరుకు పనికొచ్చే సంగతి.

రాయలచెరువు

పదింటికి రమ్మన్నారంటే ఎనిమిదిన్నరకే బయలుదేరండి. సిల్క్ బోర్డు దాకా పోవద్దు, అగర దగ్గరే జక్కసంద్ర మీదుగా కోరమంగళలోకి తిరగండి. పిల్ల ఏమీ తినకుండా వస్తుంది, ఇడ్లీ డబ్బాలో పెట్టుకోండి.